‘ప్రేమతో ప్యాక్ చేసినది’ - మరి కూలి?

ఆ చీటీ మీది మాట నేనే రాసిచ్చాను. అందుకని ఈ వ్యాసాన్ని నా తప్పు ఒప్పుకుంటూ మొదలుపెడుతున్నాను.

కల్వకుర్తిలో ఆడవాళ్ళ చేత కాగితపు వస్తువులు చేయించి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణం ఒకటుంది. చేతి కాగితంతో కుట్టిన నోటు పుస్తకాలు, డైరీలు, పెళ్ళిళ్ళలో కట్నాలు చదివించే కవర్లు, బహుమతి సంచులు అమ్ముతారు. నడిపేది షావుకారు కాదు, మనలాంటి ఒక స్వచ్ఛంద సంస్థ. పేరు రాయడం లేదు. రాస్తే తప్పంతా ఆ ఒక్క సంస్థదే అయినట్టూ, మిగతా మనందరం కడిగిన ముత్యాలమైనట్టూ అవుతుంది. దుకాణం మొదలైన కొత్తలో “ప్రతి పార్సెల్‌లో పెట్టేందుకు ఓ చిన్న చీటీ కావాలి మేడం, మీరు రాస్తే బాగుంటుంది” అని అడిగారు. పొంగిపోయి రాసిచ్చాను: “పాలమూరు ఆడపడుచులు స్వయంగా చేసి, ప్రేమతో ప్యాక్ చేసినది.”

2025 వానాకాలంలో, ఇంటి దగ్గర కూచుని పనిచేసే స్త్రీల గురించి నేను చేస్తున్న పరిశోధన మీద మళ్ళీ కల్వకుర్తి వెళ్ళాను. జడ్చర్ల రోడ్డు వైపు ఒక ఇంట్లో ఐదుగురు కూచుని డబ్బాలు మడుస్తున్నారు. అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆవిడ ఆ చీటీల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. మనవరాలి చేత చదివించుకుందట. “ప్రేమతోని అంటే పైసల్లేకుంటనా మేడం?” అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పుస్తకం చేసినందుకు కూలి ఉంది. కాగితం కత్తిరించి, మడతలు పెట్టి, దారంతో కుట్టి, అట్ట అతికించి ఇస్తే పుస్తకానికి ఇంత అని లెక్క. ఆ లెక్క న్యాయమైనదేనా అన్నది వేరే పోట్లాట, అది మరో సంచికలో పెట్టుకుందాం. కానీ పుస్తకం తయారైనంత మాత్రాన పని అయిపోదు. బెంగుళూరులోనో పూణేలోనో కొన్నవాళ్ళ చేతికి అది చెక్కుచెదరకుండా చేరాలి. ఆ మధ్యలో ఉన్న పనంతటికీ ప్యాకింగు అని పేరు. దానికి కూలి లేదు.

ఆ పని ఏమిటో వివరంగా చెప్పాలి. ఎందుకంటే మన వార్షిక నివేదికల్లో అది ఒక్క ముక్కలో తేలిపోతుంది. ముందు ప్రతి పుస్తకాన్నీ తిప్పి చూడాలి. జిగురు మరక ఉందా, దారం వదులైందా, అంచు నలిగిందా అని. చేతి కాగితం చెమ్మ పీలుస్తుంది. వానాకాలం ఒక్క రాత్రి బయట ఉంటే అట్ట వంకర పోతుంది. కనుక బరువు కింద పెట్టి, ఆరనిచ్చి, పల్చటి కాగితంలో చుట్టాలి. పర్యావరణం పేరు చెప్పి అమ్మే సరుకు కాబట్టి ప్లాస్టిక్ కవరు వాడకూడదని దుకాణం వాళ్ళంటారు. తడిసిందని కొన్నవాళ్ళంటారు. ఈ రెంటికీ మధ్య దారి వెతకడం వీళ్ళ పని. పార్సెల్ కిందపడితే ముందు నలిగేది మూల, కాబట్టి నాలుగు మూలలకూ అట్ట ముక్కలు తొడగాలి. డబ్బాలు పలకలుగా వస్తాయి. వాటిని మడిచి, అడుగున టేపు వేసి, సందుల్లో చింపిన కాగితం కుక్కి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడాలి. లోపల చప్పుడు వస్తే మళ్ళీ విప్పాలి. ఆ తర్వాత మూతకు టేపు, మీద చిరునామా, బార్‌కోడు. నేను వాచీ పెట్టుకుని చూశాను. బాగా చేయి తిరిగిన మనిషికి ఒక డైరీ పార్సెల్ కట్టడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. అంటే గంటకు నాలుగు. పండగ ముందు వంద ఆర్డర్లు వస్తే ఎన్ని గంటలో మీరే వేసుకోండి.

ఇక దాన్ని పోస్టాఫీసుకు మోసుకుపోవాలి. మోసేది ఎవరంటే, ఇంగ్లీషు చిరునామా చదవగలిగిన కోడలు. బృందంలో చదువుకున్న పిల్ల అయిన పాపానికి ఆ అమ్మాయి వారానికి రెండు మూడు పూటలు వరుసలో నిలబడుతుంది. ఆటో కిరాయి ఇస్తారు, నిలబడ్డ పూటకు ఏమీ ఇవ్వరు. పోస్టు సంగతి ఈ మధ్య ఇంకా చిక్కుగా తయారైంది. తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబర్‌లో పోయింది. పుస్తకాలు అచ్చువేసి పంచుకునే మన మిత్రులందరికీ ఆ దెబ్బ తగిలింది. 2025 మే నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ అని పెట్టారు గానీ అది చదువుకునే పుస్తకాలకు. ఖాళీ డైరీ ఎంత అందంగా ఉన్నా దానిలో జ్ఞానం లేదు కనుక వర్తించదు! అదే ఏడాది రిజిస్టర్డ్ పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు. 2025 అక్టోబర్ ఒకటి నుంచి వచ్చిన కొత్త రేట్లలో, వేరే ఊరికి పోయే యాభై గ్రాముల కవరుకు కూడా 47 రూపాయలు, ఆ పైన జీఎస్టీ. పెళ్ళి కవర్ల కట్ట ఒకటి పంపాలంటే కవర్ల ధర కంటె పోస్టు ఖర్చే కళ్ళబడుతుంది.

కొరియరు వాళ్ళ లెక్క మరో రకం. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా అయిదు వేలతో భాగించి, అసలు బరువు కంటె అది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. 30, 25, 10 సెంటీమీటర్ల డబ్బా అయితే కిలోన్నర కింద లెక్క. లోపలి డైరీ నాలుగు వందల గ్రాములే కావచ్చు. మిగతాది గాలి. గాలికి డబ్బు కడుతున్నాం, ఆ గాలి చుట్టూ అట్ట మడిచిన మనిషికి కట్టడం లేదు.

ఈ చిత్రం నన్ను వదలడం లేదు. ఇదే ఆడవాళ్ళు పత్తి తీతకు పోతే కిలోకి ఇంత అని కాంటా పెట్టి కూలి ఇస్తారు. ఆ కాంటాలో మోసం ఉంటుంది, దానిమీద కొట్లాటలు అవుతాయి, అయినా కాంటా అంటూ ఒకటుంది. కల్వకుర్తి చుట్టుపక్కల పండిన పత్తి జిన్నింగు మిల్లుకు పోయి, నూలై, బట్టై, బనియన్ల కత్తిరింపులై, ఎక్కడో జైపూర్ పక్కన సంగానేర్‌లో ఆ గుడ్డ పీలికలు నానబెట్టి, దంచి, జల్లెడతో ఎత్తి, కాగితంగా ఆరబెడితే, ఆ కాగితం లారీ ఎక్కి మళ్ళీ కల్వకుర్తి వస్తుంది. మన కోరుట్లలోనే ఒకప్పుడు చేతి కాగితం చేసేవాళ్ళు. ఆ పని పోయింది కనుక రాజస్థాన్ నుంచి తెప్పించుకుంటున్నాం. ఈ పొడుగు దారిలో ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు తూకం వేస్తారు. పోస్టాఫీసులో గ్రాముల దాకా వేస్తారు. పెద్దమ్మ పద్నాలుగు నిమిషాలు వేయడానికి మాత్రం ఎక్కడా తక్కెడ లేదు.

సంస్థ ఆఫీసులో రిజిస్టరు చూపించమన్నాను. శ్రద్ధగా రాసిన రిజిస్టరే. ఎవరు ఎన్ని పుస్తకాలు కుట్టారు, ఎంత ఇచ్చారు, సంతకం లేదా వేలిముద్ర. కాగితం ఖర్చు, దారం, జిగురు, డబ్బాలు, టేపు, తపాలా, ఆన్‌లైన్ వేదికకు కమిషను, వెబ్‌సైటు వాడికి ఏడాది రుసుము, ఫోటోలు తీసిన కుర్రవాడి బిల్లు అన్నీ ఉన్నాయి. ప్యాకింగు అనే గడి లేదు. ఆ లెక్కలు రాసే అమ్మాయిని అడిగితే పాపం కంగారు పడింది. “అది పని కింద పెట్టలేదు మేడం. అక్కలు ఖాళీగా ఉన్నప్పుడు చేస్తారు కదా” అంది.

ఖాళీగా ఉన్నప్పుడు! ఈ ఖాళీ ఏ గడియలో ఉందో వెతుకుదాం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం బత్తెం లేని ఇంటి చాకిరి చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున దాని మీద పెట్టే సమయం 289 నిమిషాలు. అదే పని చేసే మగవాళ్ళకు 88. పిల్లల్ని, ముసలివాళ్ళని చూసుకునే సమయం దీనికి అదనం. దీనిపైన పొలం, ఉపాధి హామీ పని, పుస్తకాలు కుట్టడం. ఇక మిగిలింది రాత్రి. నేను చూసిన ఇళ్ళలో డబ్బాలు మడిచేది రాత్రి తొమ్మిది దాటాకే. ఆ వేళ ఇంటి మగవాడు టీవీ ముందుంటాడు. ఆమె కూడా టీవీ ముందే ఉంటుంది, చేతుల్లో టేపు ఉంటుంది. చూసేవాళ్ళకు ఇద్దరూ ఖాళీగా కూచున్నట్టే కనిపిస్తుంది.

ఇల్లు సంగతి కూడా చెప్పాలి. మనం కుటీర పరిశ్రమ అనే మాటను చాలా గౌరవంగా వాడతాం. 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు గాంధీ, కుమారప్ప చేతి కాగితాన్ని మళ్ళీ నిలబెట్టాలనుకున్నారు. ఆ ఉద్దేశాన్ని నేను తక్కువ చేయను. కానీ కుటీరం ఎవరిది, దాని అద్దె ఎవరు కడుతున్నారు అని ఎవరూ అడగలేదు. నేను వెళ్ళిన ఇల్లు రెండు గదులది. ఒక గదిలో సగం దాకా డబ్బా పలకలు, కాగితం రీములు. మంచం మీద తయారైన పార్సెళ్ళు, మంచం కింద పిల్లవాడి పక్క. కాగితం దగ్గర నిప్పు ఉండకూడదని పొయ్యి వసారాలోకి మారింది. వాన కొడితే వంట లేదు. ఎలుకలు కొరుకుతాయని ఒకామె అర్ధరాత్రి లేచి లైటు వేసి చూస్తుందట. గోదాముకు అద్దె, కరెంటు, కాపలా, ఇవన్నీ ఏ వ్యాపారంలోనైనా ఖర్చులే. ఆడవాళ్ళ ఇల్లు గోదాము అయితే మాత్రం అది ‘ఇంటిపట్టునే ఉపాధి’ అవుతుంది. ఆ మాట మన కరపత్రాల్లో నేను కూడా రాశాను.

నరసాపురం లేసు అల్లేవాళ్ళ గురించి మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. మిషనరీల కాలంలో మొదలైన ఆ పనిలో ఆడవాళ్ళు రోజంతా అల్లుతూ, ప్రపంచ మార్కెట్టుకు సరుకు పంపుతూ, పేరుకు మాత్రం గృహిణులుగా మిగిలిపోయారు. వాళ్ళది తీరిక వేళ కాలక్షేపం అన్నారు. ఎగుమతులు చేసేది మగవాళ్ళు. కొందరు పువ్వులు అల్లుతారు, కొందరు వాటిని అతుకుతారు. మొత్తం బట్ట ఎలా ఉంటుందో, ఎంతకు అమ్ముడుపోతుందో అల్లినవాళ్ళకు తెలియదు. మాలో చాలామందికి అదొక కళ్ళు తెరిపించిన పుస్తకం. తరగతుల్లో పాఠం చెప్పాం, దానిమీద పత్రాలు రాశాం. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత జరిగాక, నలభై ఏళ్ళ తర్వాత కల్వకుర్తిలో అదే ‘తీరిక వేళ’ను మనమే నడుపుతున్నాం. తేడా అల్లా, అక్కడ మధ్యన ఉన్నది వ్యాపారి. ఇక్కడ మధ్యన ఉన్నది జండర్ శిక్షణ పొందిన మనం.

ఇది అన్నప్పుడు సంస్థల మిత్రుల నుంచి నాకు వచ్చే జవాబులు మూడు రకాలు. మొదటిది, గిట్టుబాటు కాదు అని. పార్సెల్‌కు పది రూపాయలు ప్యాకింగు కూలి వేస్తే ధర పెరుగుతుంది, కొనేవాళ్ళు పారిపోతారు అంటారు. నాకొక సందేహం. స్పీడు పోస్టు రేటు పెరిగినప్పుడు పోస్టుమాస్టరు గారి దగ్గరకు పోయి “ఈసారికి సర్దుకోండి, ఇది పేద స్త్రీల దుకాణం” అని అడిగామా? డబ్బాల వాడిని అడిగామా? టేపు కంపెనీని? వేదికవాడు తన కమిషను మనకు చేరకముందే కోసుకుంటాడు, కిమ్మనం. అందరి రేటూ ఇచ్చాక చివర మిగిలినదాంట్లో సర్దుకోమనేది ఒక్క ఆమెనే. ఎందుకంటే ఆమె వరుసకు అక్క. అక్క కాబట్టి అర్థం చేసుకుంటుంది.

రెండోది, ఇంకా గట్టి వాదన: వాళ్ళు కూలీలు కారు, యజమానులు, బృందం వాళ్ళదే, దుకాణం వాళ్ళదే, యజమాని తనకు తాను ప్యాకింగు కూలి అడుగుతుందా? నిజంగా వాళ్ళదే అయితే నేను నోరు మూసుకుంటాను. కానీ చూడండి. ధర ఎవరు పెడతారు? ఆఫీసులో పెడతారు. బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది? సంస్థ పేరున. ఇందులో పన్నుల చట్టానికీ పాత్ర ఉంది. ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకు అమ్మాలంటే చిన్నవాళ్ళకైనా జీఎస్టీ నమోదు తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబర్ ఒకటి నుంచి, పరిమితి లోపలి చిన్న అమ్మకందార్లు నమోదు లేకుండా అమ్మవచ్చన్నారు, అయితే సొంత రాష్ట్రం లోపలే. కల్వకుర్తి డైరీ హైదరాబాదుకు పోవచ్చు, బెంగుళూరుకు పోవాలంటే నమోదు కావాలి. అమెజాన్ 2017లో ‘సహేలీ’ అని, ఫ్లిప్‌కార్ట్ 2019లో ‘సమర్థ్’ అని ఇలాంటి బృందాలకు తలుపులు తీసిన మాట నిజమే. కానీ తలుపు దగ్గర నిలబడి నంబరు చూపించగలిగేది సంస్థే. అలా అమ్మకందారు అనే చోట సంస్థ పేరు పడుతుంది. ఆడవాళ్ళ పేరు నేను రాసిన చీటీ మీద పడుతుంది.

యజమాని ఎవరో తేల్చేది ఇంకొకటుంది. సరుకు బాగాలేదని తిప్పికొట్టే హక్కు ఎవరిది అన్నది.

ఆ వానాకాలంలోనే ఒక పెద్ద ఆర్డరు వెళ్ళింది. దారిలో ఎక్కడో తడిసింది. కొన్ని డైరీలు అట్టలు ఉబ్బి, మూలలు నలిగి తిరిగి వచ్చాయి. లారీలో తడిసిందా, గోదాములో తడిసిందా, కొన్నవాళ్ళ గుమ్మం ముందు తడిసిందా, ఎవరూ విచారించలేదు. ‘ప్యాకింగు లోపం’ అని రాసి ఆ డైరీలు కుట్టిన కూలిని తర్వాతి నెల లెక్కలోంచి తీసేశారు. గమనించండి: ప్యాకింగు పని కాదు కనుక దానికి కూలి లేదు. కానీ ప్యాకింగులో లోపం ఉంటే దానికి జరిమానా ఉంది. లేని పనికి శిక్ష ఎలా పడింది? పెద్దమ్మ ఈ ముక్కే అడిగింది. “పైసలడిగినప్పుడు గది పని గాదన్నరు. పాడైనప్పుడు నీ పనే అన్నరు. ఏదో ఒకటి జెప్పుమనున్రి” అంది. ఏ సామాజిక శాస్త్రం చదివితే ఇంతకంటె బాగా చెప్పగలం?

1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పోయిన కేసే, సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వాళ్ళది. అక్కడ కుట్టేవాళ్ళకు బట్టకు ఇంత అని కూలి. వచ్చే వేళ, పోయే వేళ వాళ్ళ ఇష్టం. కొందరు బట్ట ఇంటికి తీసుకుపోయి కుట్టేవాళ్ళు. కాబట్టి వీళ్ళు మా ఉద్యోగులు కారన్నారు దుకాణం వాళ్ళు. కోర్టు ఒప్పుకోలేదు. కుట్టింది బాగాలేకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించే హక్కు దుకాణానికి ఉన్నప్పుడు, అదుపు దాని చేతిలోనే ఉన్నట్టు, వాళ్ళు ఉద్యోగులే అంది. యాభై ఏళ్ళు దాటిన తీర్పు. డైరీ తిప్పికొట్టే చేయి ఎవరిదో చూస్తే కల్వకుర్తిలో యజమాని ఎవరో కూడా తెలుస్తుంది.

బీడీ కార్మికులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఇంట్లో కూచుని చుట్టేవాళ్ళను కార్మికులుగా గుర్తిస్తూ 1966లో చట్టం వచ్చింది. బీడీలు బాగాలేవని తీసి పారేయడం మీద వచ్చే తగాదాలకు కూడా అందులో దారి పెట్టారు. కంపెనీలు కోర్టుకు పోతే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. కలిపేటప్పుడు ఎన్ని జారిపోయాయన్నది బీడీ సంఘాలు చెప్పాలి, చెబుతున్నాయి కూడా. కాగితం మడిచేవాళ్ళకు అలాంటి చట్టం ఎన్నడూ లేదు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రత కోడ్‌లో ‘ఇంటి ఆధారిత కార్మికులు’ అని ఒక నిర్వచనం ఉంది. తన ఇంట్లోనో, తనకు ఇష్టమైన మరోచోటనో, యజమాని కోసం, ప్రతిఫలానికి పనిచేసే మనిషి అని. సామాను ఎవరిదైనా సరే. బాగానే ఉంది. కానీ ‘యజమాని కోసం’ అన్న రెండు మాటల దగ్గర మన సంస్థలు చల్లగా పక్కకు తప్పుకుంటాయి: మేం యజమానులం కాదండీ, తోడ్పడేవాళ్ళం. ఇంటి పని మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడిక మీద భారత ప్రభుత్వం ఈనాటికీ ఆమోదముద్ర వేయలేదు. వేయమని మనం ఎన్నిసార్లు సంతకాలు సేకరించామో లెక్కలేదు. ఆ సంతకాల కాగితాలతో పాటు మన రిజిస్టరు కూడా ఒకసారి తెరిచి చూసుకుని ఉండవలసింది.

మూడో జవాబు అన్నిటికంటె మెత్తనిది. వాళ్ళే ఇష్టంగా చేస్తున్నారు, మేం బలవంతం చేయలేదు అని. ఈ ప్రాంతంలో ఈ మాట జాగ్రత్తగా అనాలి. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో వెట్టి అంటే ఏమిటో ఇంకా గుర్తున్న కుటుంబాలున్నాయి. దొర గడీకి మోసిన కట్టెలకు, ఊడ్చిన వాకిళ్ళకు లెక్క లేదు. నేను ప్యాకింగు పనిని దానితో సమానం చేయను. ఇక్కడ కొరడా లేదు, గడీ లేదు. అయినా 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరికి బలవంతం అంటే కర్ర పట్టుకుని నిలబడటమే కానక్కర్లేదు, గతిలేనితనం కూడా బలవంతమే, కనీస వేతనం కంటె తక్కువకు చేయించుకున్న పని ఆ కోవలోకే వస్తుంది అని. ప్యాకింగు చేయనంటే వచ్చే నెల కుట్టే పని పక్క బృందానికి పోతుందని ఐదుగురికీ తెలుసు. ఇష్టం అనే మాట అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది.

పిల్లల సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను, మనసొప్పలేదు. చిరునామాలు అతికించేది ఎనిమిదో తరగతి చదివే పిల్ల. బడి నుంచి వచ్చాక, ఇంగ్లీషు వచ్చు కాబట్టి. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, బడి వేళలు దాటాక ఇంటివాళ్ళ వ్యాపారంలో పిల్లలు సాయపడవచ్చని సందు విడిచింది. అప్పుడు మనందరం దానిమీద గొంతెత్తాం. ఆ సందులోంచి ఇప్పుడు మన పార్సెళ్ళు పోతున్నాయి. తల్లికి ఆ పనికి కూలి లేదు కనుక పిల్ల చేసింది సాయమే అవుతుంది. తల్లికి గంటకు ఇంత అని ఉంటే, పిల్ల చేతిలో ఉన్నది కూలి పని అని అందరికీ కనబడేది. తల్లి కూడా ఆ పిల్లను పుస్తకాల దగ్గరకు పంపడానికి ఒక కారణం ఉండేది.

నేను సంస్థ వాళ్ళతో కూచుని మాట్లాడాను. చెడ్డవాళ్ళు కారు. ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళలో తిరిగినవాళ్ళు, సారా దుకాణాల ముందు ఆడవాళ్ళతో కలిసి కూచున్నవాళ్ళు. నేను అడిగినవి పెద్ద కోరికలు కావు. రిజిస్టరులో ప్యాకింగుకు గడి గీయండి, అందులో నిమిషాలు రాయండి. ఆ నిమిషాలకు రాష్ట్రంలో అమల్లో ఉన్న కనీస వేతనం లెక్కన డబ్బు వేయండి. తపాలా ఖర్చు ధరలో ఎలా కలుపుతున్నారో అలాగే దాన్నీ కలపండి. గది అద్దెకు తీసుకోండి, లేదా ఇంటికి గోదాము అద్దె ఇవ్వండి. తిరిగి వచ్చిన సరుకు నష్టం దుకాణానిది, కుట్టినదానిది కాదు. పోస్టాఫీసు వరుసలో నిలబడ్డ పూట పని పూటే. ఇవి చేస్తే దుకాణం మూతపడుతుందంటారా, ఆ లెక్కలు ఆడవాళ్ళ ముందు పెట్టి వాళ్ళనే తేల్చమనండి. ఉచిత శ్రమ మీద తప్ప నిలబడలేని దుకాణాన్ని నిలబెట్టాలా వద్దా అన్నది, ఆ శ్రమ చేసేవాళ్ళు నిర్ణయించాల్సిన విషయం.

“ఆలోచిస్తాం” అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. మన ఆఫీసుల్లో నేను కూడా అంటుంటాను.

చీటీ మీది మాట మార్చి ఇస్తానన్నాను. ‘ప్రేమతో’ తీసేసి, కట్టినవాళ్ళకు కట్టిన కూలి ఎంతో రాద్దామన్నాను. కొనేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందన్నారు.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక కంపెనీ నుంచి నాలుగు వందల డైరీల ఆర్డరు వచ్చి ఉంది. మార్చి 8కి తమ మహిళా ఉద్యోగులకు కానుకగా పంచుతారట. పుస్తకాలు కుట్టడం అయిపోయింది, బరువు కింద వరసగా పేర్చి ఉన్నాయి. డబ్బా పలకలు మాత్రం మడవకుండా గోడకు ఆనించి ఉన్నాయి. నాలుగో తారీఖు. ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను వస్తోంది. పెద్దమ్మ ఒక పాత నోటు పుస్తకం తెచ్చి చూపించింది. మనవరాలి చేత స్కేలుతో గీత గీయించి, పైన ‘ప్యాకింగు’ అని రాయించింది. కింద గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. “రేటు రాసినంక మొదలువెడ్తం” అంది. ఫోను మళ్ళీ మోగింది. ఎవరూ ఎత్తలేదు.